ఇసుకలో పాలిష్ కొమ్ములు

మా ముత్తాత నాలుగు ఊళ్ళకు శిస్తు వసూలు చేసే మాలీ పటేలు. మా తాత ఆర్మూరులో రైతుల పసుపు కమీషన్ మీద అమ్మిపెట్టే ఆడ్తి పెట్టినవాడు. ఆయన కుప్ప దగ్గర వేలం పాట అయితేనే మిగతా కుప్పల ధర తేలేది. మా నాన్న కాలానికి ఆడ్తి పోయి, గోదాములో కొన్ని పాత సంచులు మిగిలాయి. ఇదంతా ముందే చెప్పడం ఎందుకంటే, తొమ్మిదో తరగతిలో నేను ఎవరి పక్కన కూర్చోవలసి వచ్చిందో చదివేవారికి తెలియాలి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. జిల్లా సైన్సు పోటీకి మా బడి నుంచి ఒక్కరినే పంపుతామన్నారు. ఆ ఒక్కరు నేను కాక ఇంకెవరో అవుతారన్న ఊహ కూడా నాకు రాలేదు. బడులు తెరిచిన వారానికే, సాయంత్రాలు సైన్సు సారు ఆరుగురిని కూర్చోబెట్టి ప్రశ్నలు వేయడం మొదలుపెట్టాడు. ప్రశ్నలు గైడులోవి, జవాబులు గైడులోవి. పేజీ తిప్పేదాకా జవాబు ఆయనకూ తెలిసేది కాదు. సబ్బు నీళ్ళలో పసుపు కాగితం ఎర్రబడుతుందని చూపడానికి, ఊరు ఊరంతా పసుపు దుమ్ముకు తుమ్ముతుంటే, ఆయన కిరాణా దుకాణంలో పసుపు పొట్లం కొనుక్కొచ్చాడు. కాగితం ఎర్రబడగానే తానే కనిపెట్టినట్టు అందరి ముందూ తిప్పాడు.

ఆరుగురిలో నా పక్కన కూర్చునే ఒకతె కూలివాళ్ళ పిల్ల. వాళ్ళమ్మ పసుపు ఉడికించే కడాయిల దగ్గర పనిచేసేది. ఈ పిల్ల ఎముకల లెక్క, ఆమ్లాల పేర్లు గడగడా అప్పజెప్పేది. అది చిలక చదువని నేను అనుకునేదాన్ని. నాకంటే రెండు జవాబులు ఎక్కువ చెప్పిన రోజున మరీ అనుకునేదాన్ని.

చివరికి సారు ఒక పరీక్ష పెట్టాడు. పసుపు కొమ్ము వేరు కాదు, కాండం. దానికి కణుపులుంటాయి, కణుపుల దగ్గర మొగ్గలుంటాయి. మూడు వారాల్లో దాన్ని మొలిపించి చూపినవాళ్ళకే సీటు అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మా వంశానికా పసుపులో పరీక్ష? గోదాములోకి పోయి, ఏ బేరగాడైనా మెచ్చే నున్నటి పాలిష్ కొమ్ములు ఏరుకొచ్చి, గాజు గ్లాసులో తడి ఇసుక పోసి పాతాను. పనిమనిషికి అప్పగించకుండా రోజూ నీళ్ళు నేనే చల్లాను.

మూడు వారాలకు నా గ్లాసులో మెత్తబడిన కొమ్ములు, ముక్కు మూసుకునే వాసన. ఆ పిల్ల పగిలిన మగ్గులో ఒక మట్టిగడ్డ తెచ్చింది. దాని మీద వేలెడంత పచ్చటి మొలక. నా గ్లాసులోకి వంగి చూసింది.

"ఇవి ఉడకవెట్టినయి గదా, దొరసానీ," అంది. "పులుసుల ఉడికిన చేప ఈత గొడ్తదా?"

మిగతావాళ్ళు బెంచీలు చరిచి నవ్వారు. సారూ నవ్వాడు. మూడు వారాలు నా గ్లాసును రోజూ చూసినవాడే. గైడులో లేదు కనుక ఆయనకూ తట్టలేదు. మా కల్లంలో కడాయిలు ఉడికే రోజుల్లో నన్ను ఆ పొగ దగ్గరకు పోనిచ్చేవారు కాదు. మా ఇళ్ళలో ఆడపిల్లలు కల్లం తొక్కరు. ఉడికించి, ఎండబెట్టి, పాలిష్ పట్టాక సంచిలోకి వచ్చిన పసుపే నాకు పసుపు.

పోటీకి ఇంకా వ్యవధి ఉందని, పచ్చి విత్తనం తెచ్చి మళ్ళీ పెట్టమని సారు నాకు గడువిచ్చాడు. మా ఇంటిపేరుకు ఆ మాత్రం విలువ అప్పటికింకా ఉంది. బయటికొచ్చాక ఆ పిల్ల నా వెనకే వచ్చింది.

"మా అమ్మ కాడ విత్తనం మిగిలింది. రెండు గడ్డలు తేవాల్నా?"

"అక్కర్లేదు. మాకు చేనున్నది."

ఇంటికొచ్చి, మన చేనునుంచి రెండు విత్తనపు గడ్డలు తెప్పించమని నాన్నను అడిగాను. ఆయన పేపరు మడిచాడు, మళ్ళీ విప్పాడు, అమ్మ వైపు చూశాడు. గడ్డలు మాత్రం రాలేదు. ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి అడగడం నావల్ల కాలేదు. పోటీకి ఆమే వెళ్ళింది.

బాల్కొండ దారిలో మాకు మిగిలిన ఆ నాలుగెకరాల చేనును, బావితో సహా, అంతకు ముందరి ఎండాకాలమే అమ్మేశారు.