ముందుగా చెప్పిన సాక్ష్యం

విస్సన్నపేట దాటి బస్సు తిరువూరు దారి పట్టేసరికి కిటికీలోంచి మామిడి పూత వాసన గుప్పుమంటుంది. ఏసీ బస్సుకి ఆ భాగ్యం లేదు గనక నేను ఇప్పటికీ డొక్కు బస్సే ఎక్కుతాను. ఆ వగరు వాసన తగిలితే చాలు, నాకు తొమ్మిదేళ్లు, పక్కన నాన్న.

నాన్న రెడ్డిగూడెం స్కూల్లో ఇంగ్లీషు మాస్టారు. పూత పిందె కట్టే రోజుల్లో, ఆదివారం చర్చి నుంచి వచ్చి, కోడికూర అన్నం తిని, అమ్మ మంచమ్మీద నడుం వాల్చాక, వీధి పిల్లలమంతా మా వరండాలో చేరి, ఉప్పుకారం అద్దిన పిందెలు కొరుక్కుంటూ ఆయన చెప్పే టెన్సులు వినేవాళ్లం. మమ్మల్ని తికమక పెట్టినవి సింపుల్ పాస్టూ, ప్రెజెంట్ పర్ఫెక్టూ. రెంటికీ మనం ‘వచ్చాడు’ అనే అంటాం కదా, దొరలకి రెండెందుకని నేను దెబ్బలాడేదాన్ని. నాన్న నవ్వి, ఆరాధన మధ్యలో ఒక్కొక్కరూ లేచి తమకు జరిగిన మేలు చెప్పే సాక్ష్యాలనే ఉదాహరణకు తెచ్చేవాడు. నిరుడు జ్వరమొచ్చిందంటే అది అయిపోయిన సంగతి, పాస్టు. దేవుడు తగ్గించాడు, ఇదిగో మీ ముందు నిలబడ్డానంటే ఆ మేలు ఇంకా ఒంట్లో ఉంది, అది పర్ఫెక్టు.

ఆ ఏడే నాన్నకి దగ్గు పట్టుకుంది. సుద్దపొడి వల్లేమో అనుకున్నాం. తువ్వాలు మీద ఎర్రటి మరక చూసి అమ్మ హడలిపోయి, సోమవారం విజయవాడ ఆసుపత్రికి వెళ్లాల్సిందేనని పట్టుబట్టింది.

మా చర్చిలో విశ్వాసం గట్టిగా ఉన్నవాళ్లు జరగకముందే జరిగినట్టు సాక్ష్యం చెప్పేవారు. అలా చెబితే దేవుడు ఆ మాట నిలబెడతాడని నమ్మకం. ఆ ఆదివారం చాప మీంచి నేను లేచాను.

“మా నాన్నకి దగ్గు తగ్గిపోయిందండి.”

అందరూ స్తోత్రం అన్నారు. నాన్న తల వంచుకున్నాడు.

సోమవారం ఆయన బస్సెక్కలేదు. నలుగురూ చూస్తుండగా ఆసుపత్రికి పోతే పిల్ల చర్చిలో అబద్ధమాడినట్టవుతుందని అమ్మతో అన్నాడట. ఆ తర్వాత మా ముందు ఆయన దగ్గనేలేదు. దగ్గొస్తే పెరటి గోడ దాకా వెళ్లి, కళ్లు తుడుచుకుని వచ్చేవాడు. నేను మాత్రం నా ప్రార్థన నెగ్గిందని వీధంతా గొప్పలు పోయాను, బుద్ధిలేనిదాన్ని. కాయ కోతకొచ్చేసరికి నాన్న అన్నం ముద్ద మింగలేకపోయాడు. రెండు నెలల ముందు తెస్తే బాగుండేదని విజయవాడ డాక్టరు అన్నాడు.

తిరుగు బస్సులో నేను వెక్కిళ్లు పెడుతుంటే నాన్న నా తల ఒళ్లోకి తీసుకున్నాడు.

“నువ్వు తప్పు చెప్పలేదమ్మా. కాస్త ముందు చెప్పావు, అంతే.”

తొలకరి పడకముందే పోయాడు.

ఇప్పుడా రేకుల చర్చి లేదు, స్లాబు వేశారు. చాపలు పోయి ప్లాస్టిక్ కుర్చీలొచ్చాయి, సాక్ష్యాలకి మైకుంది. మా వరండా రోడ్డు వెడల్పులో పోయింది. టెన్సులు పిల్లలు ఫోన్లో నేర్చుకుంటున్నారు. నాన్న బతికిన ఏళ్లకంటే నేనే ఎక్కువ బతికాను. ఇన్నేళ్లలో అమ్మ నన్ను పల్లెత్తు మాట అనలేదు, అదే నన్ను తినేస్తుంది. మొన్న ఉండబట్టలేక, నావల్లే పోయాడు కదా, ఒక్కసారైనా తిట్టమ్మా అని అడిగాను.

అమ్మ చీర చెంగు నలుపుతూ అంది.

“తిట్టాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చిందే. మీ నాన్నకి మాటిచ్చాను.”