నీలం మామ చూపు

మా మామగారిని ఫ్యాక్టరీలో అందరూ నీలం మామ అంటారు. ఉప్పులా తెల్లగా ఉండే అమ్మోనియం టంగ్‌స్టేట్ పొడిని గాలి తగలకుండా ఫర్నేస్ గొట్టంలో కాలిస్తే, అమ్మోనియా వదిలిపోయి ముదురు నీలం ఆక్సైడ్ దిగుతుంది. బల్బులో వెలిగే తీగ ఆ పొడితోనే మొదలవుతుంది. ఏ సందులోంచైనా గాలి దూరిందా, నీలం కాస్తా పసుపుకి తిరుగుతుంది. ఆ తేడా ఆయన చిటికెడు పొడి అరచేతిలో వేసుకుని చెప్పేస్తారు. ఆయన చెప్పాక ఇక ఎవరూ నోరెత్తరు.

ఇంట్లోనూ అంతే. ఈమధ్య ఆయన దృష్టి నా ఉతుకు మీద పడింది. "ఏమ్మా, సబ్బు దాచుకుంటున్నావా? చొక్కా పసుపెక్కింది," అనేవారు. నాకు ఒళ్ళు మండేది. నానబెట్టి, రుద్ది, మళ్ళీ ఉతికి ఆరేస్తే, "ఇంకా అలాగే ఉంది," అన్నారు. మా ఆయన మాత్రం ఇద్దరికీ తలూపి జారుకున్నాడు. అది ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య.

మా ముగ్గురిదీ ఒకే ఫ్యాక్టరీ. నేను తెల్లపొడి సంచులు విప్పి ఫర్నేస్‌లోకి పోస్తాను, మా ఆయన ఫిట్టరు. ఒక మధ్యాహ్నం మామయ్య కిందికి దిగిన పొడిని అరచేతిలో అటూ ఇటూ కదిపి మొహం చిట్లించారు.

"నీలం చెడింది. మూతి దగ్గర సీలు పోయినట్టుంది, గాలి లాగుతోంది."

ఇన్‌చార్జి మొహం పాలిపోయింది. చల్లారేదాకా ఆగితే లోపలి సరుకంతా పాడవుతుందని, ఫర్నేస్ నడుస్తుండగానే సీలు మార్చమన్నాడు. అంటే పైకెక్కి గొట్టం మూతి బోల్టులు విప్పాలి. లోపల ఎర్రగా కాలిన గొట్టం, దాన్నిండా అమ్మోనియా. విప్పగానే అది నేరుగా మనిషి మొహం మీదికి వస్తుంది. మా ఆయన మాస్కు తగిలించుకుని, మెట్లెక్కుతూ నావైపు చూసి కన్నుగీటాడు. నాకు నవ్వు రాలేదు.

వెళ్ళి ఆ పొడి చూశాను. ఎంత తిప్పి చూసినా ముదురు నీలమే.

"మామయ్యా, నాకు బాగానే కనిపిస్తోంది."

"నీకేం తెలుసమ్మా? నా కన్ను ఎప్పుడైనా తప్పిందా?"

ఇన్‌చార్జి కూడా నన్నే కసిరాడు. పైన బోల్టుకి పానా తగిలించిన చప్పుడైంది. అప్పుడు నాకు చొక్కా గుర్తొచ్చింది. చొక్కా ఒక్కటేనా? మొన్ననే వేసిన గోడ సున్నం మాసిందన్నారు. పాలలో పసుపు పడిందా అన్నారు. మాకు తెల్లగా ఉన్నవన్నీ ఆయనకు పసుపే.

నలుగురిలో మామగారి చూపు పోయిందని ఎలా అనను? అనకపోతే పైన నా మొగుడు. అప్పుడే విప్పిన సంచిలోంచి గుప్పెడు పొడి తెచ్చి ఆయన ముందు కాగితం మీద పోశాను.

"ఇదేం రంగు, మామయ్యా?"

వంగి చూశారు. "కొంచెం పసుపు తిరిగింది. పాత సరుకు."

"పెద్దాయనా," అన్నాడు ఇన్‌చార్జి మెల్లగా, "అది తెల్లగానే ఉంది."

మామయ్య ఆ కాగితాన్ని చూశారు, నా మొహం చూశారు, తర్వాత తన చొక్కా చేతిని చూసుకున్నారు. ఆయన్ని చూస్తే జాలి, పైకి చూస్తే భయం. నాకు ఏడుపొచ్చేసింది.

"ఒరేయ్, ఆగు!" గట్టిగా అరిచారు. "బోల్టు ముట్టుకోకు. దిగిరా."

"సీలు సంగతేంటి నాన్నా?"

"సీలు బాగానే ఉంది. పోయింది నా కన్నురా."

రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరాయని, అందుకే అన్నీ పసుపుగా కనిపిస్తున్నాయని అన్నాడు డాక్టరు. ముందు ఒక కంటికి ఆపరేషన్ చేశారు. కట్టు విప్పాక ఇంటికి రాగానే మామయ్య తెల్లచొక్కా అడిగారు. కిటికీ దగ్గర పట్టుకుని, ఒక కన్ను మూసి ఒకసారి, రెండోది మూసి ఒకసారి చూశారు.

"బాగా ఉతికావమ్మా," అన్నారు. నేను పక్కనే నిలబడ్డాను. తర్వాత ఇంకా ఆపరేషన్ కాని కంటిని అరచేత్తో గట్టిగా మూసుకున్నారు.

"దీన్ని నమ్మి వాణ్ణి పైకెక్కించాను," అన్నారు.