చీనీ గంపల్లో దించిన దబ్బనం

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మొగుడికి చెప్పలేదు. బిడ్డలకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెప్పగలుగుతున్నానేమో.

యాడికి ఊరి చుట్టుపక్కల తోటల్లోని చీనీకాయలు, అదే బత్తాయిలు, మా సావుకారు మండీకి వచ్చి, అక్కడి నుంచి రైల్లో మద్రాసు పోయేవి. గంపలో వట్టిగడ్డి పరిచి, మధ్యమధ్య వేపాకు వేసి, ఒక కాయ తొడిమ ఇంకో కాయకు గుచ్చుకోకుండా పేర్చడంలో నన్ను మించినవాళ్లు లేరనేవారు. గొప్ప చెప్పుకోవడం కాదు, నిజంగానే లేరు.

పంతొమ్మిదివందల అరవైలలో మైనపు నీళ్లు వచ్చాయి. మైసూరు వైపు నుంచి ఒకాయన వచ్చి చూపించి పోయాడు. కాయను కడిగి, ఆ తెల్లటి నీళ్లలో ముంచి, నీడన ఆరబెట్టాలి. పైన పల్చటి పొర పట్టి కాయ తొందరగా వాడిపోదు. పొర మందమైతే మాత్రం లోపల రుచి చెడుతుంది. ఆ పాళం నా చేతికి చిక్కలేదు. సుంకమ్మకు రెండు రోజుల్లో పట్టుబడింది. నేనే పనిలో పెట్టించి, గంప పేర్చడం నేర్పిన పిల్ల. సావుకారు నా గంపలు ఆమెకిచ్చి, నా చేతికి దబ్బనమిచ్చాడు. వాళ్లు పేర్చిన గంపల మూతులకు గోనెపట్టా కప్పి కుట్టాలట, నేను!

కళ్లలో నిప్పులు పోసుకున్నాను. ఆమె నవ్వితే మంట, నన్ను 'అక్కా' అని పిలిస్తే ఇంకా మంట.

ఎవరు పేర్చిన గంపకు వాళ్ల రంగు పీలిక కట్టడం మా మండీ ఆచారం. సుంకమ్మది ఎర్ర పీలిక. మూడు రోజుల పాటు, ఎర్ర పీలిక కట్టిన ప్రతి గంపలోకీ గోనె కుడుతూ కుడుతూ దబ్బనాన్ని మొదలుదాకా దించాను. గాయపడిన కాయకు ఎంత మైనం పూసినా కుళ్లు ఆగదు. ఒక్క కాయ చాలు, గంపంతా బూజు పడుతుంది. ఆ సంగతి ఆమెకు నేర్పింది కూడా నేనే.

మద్రాసు నుంచి జాబు వచ్చింది. ఎర్ర పీలిక గంపలన్నీ కుళ్లిపోయాయట. సావుకారు ఆమెను ఆ పూటే వెళ్లగొట్టాడు. తిన్నగా మా ఇంటికొచ్చింది.

"అక్కా, ప్రతి కాయా చూసి చూసి పెట్టినా గదా. యాడ తప్పు జేసినా? నువ్వైనా చెప్పు."

"ఆరకముందే పేర్చినావేమోమే. నీకు తొందర ఎక్కువ."

"అంతేనంటావా?"

"ఇంకేముంటాది?"

ఆమె నమ్మింది. మైనంలో ముంచే పని సావుకారు వేరేవాళ్లకిచ్చాడు, నా గంపలు నాకు తిరిగొచ్చాయి. ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నాను. అదీ చెప్పాలి కదా? భయం కాదు, జాలి కాదు, సంతోషమే కలిగింది. సిగ్గు చాలా ఏళ్లకు గాని రాలేదు.

తర్వాత ఏ మండీలోనూ ఆమెను చేర్చుకోలేదు. చెనక్కాయ చేలల్లో కూలికి పోయి నడుము వంగిపోయింది. ఇప్పటికీ తన తొందరే తన బతుకును చెరిపిందని చెప్పుకుంటుంది. కోడలు ఉతికిన బట్టలు మడవబోతే, "ఆరినాయేమో చూడు, నా మాదిరి చేయొద్దు" అంటుంది. పక్కనే కూర్చుని విన్నాను. ఎందుకు నోరు విప్పలేకపోయాను? ఇప్పుడు చెబితే ఆ నడుము నిలబడుతుందా?

ఆమెకు చెప్పే ధైర్యం ఈనాటికీ లేదు. మీకైనా చెబుతున్నాను. సుంకమ్మ కాయలు బాగా ఆరాకే పేర్చింది. ఒక్కొక్కటి చీరచెంగుతో ఒత్తి మరీ పేర్చింది. నేను చూశాను.