బురదకు మళ్లీ ప్రాణం పోసిన సైదులన్న

నిన్న పొద్దున ప్లాంట్‌లో శాంపిల్ తీస్తుండగా ఫోన్ వచ్చింది. కట్టంగూర్‌లో ఇంటి దగ్గర మా ఆపరేటర్ సైదులన్న చనిపోయాడని. గుండెపోటు.

మొన్న సాయంత్రం డ్యూటీ దిగి వెళ్తూ ట్యాంకుకు గాలి కొట్టే బ్లోయర్ బెల్ట్ మార్పించమని నాకు చెప్పిన మనిషి.

శాంపిల్ సీసా అక్కడే పెట్టి బయల్దేరాను.

మా మురుగునీటి ప్లాంట్ గురించి తెలియనివాళ్లకు ఒక మాట. నీళ్లను శుభ్రం చేసేది మేం కాదు. ట్యాంకు బురదలో ఉండే సూక్ష్మజీవులు. మురుగే వాటికి తిండి. వాటికి గాలి అందేలా చూడటమే మా పని.

ల్యాబ్‌లో చేరిన మొదటి నెలలో నాకది తెలియదు.

ట్యాంకు మీద నురుగు పేరుకుంది. మర్నాడు ఆఫీసర్లు వస్తారన్నారు. నేను ఒక బస్తా బ్లీచింగ్ పౌడర్ తెచ్చి పోసేశాను.

నురుగు పోయింది. ఆఫీసర్లు మెచ్చుకున్నారు.

రెండు రోజులకు బయటికి పోయే నీళ్లు మురికిగా, కంపు కొడుతూ వచ్చాయి.

సైదులన్న బురద అరచేతిలోకి తీసుకుని వాసన చూశాడు.

"చెల్లె, బ్లీచింగ్ గిట్ల పోసినవా?"

"నురుగు పోవాలని పోసిన అన్నా."

"జీతం అడగరు, లీవు పెట్టరు. అసుంటోళ్లను ఒక్క బస్తాతోని సంపినవ్ గదనే!"

నవ్వాడు. నాకు ఏడుపొచ్చింది. ఇంట్లో ఉద్యోగం ఉన్నది నా ఒక్కదానికే.

ఎవరు చేశారని సూపర్‌వైజర్ గద్దించాడు.

"గా ముచ్చట తర్వాత సూద్దాం సార్. ముందుగాల జర ట్యాంకర్ ఇప్పియ్యుండ్రి" అన్నాడు సైదులన్న.

మహబూబ్‌నగర్ వైపు ఇంకో ప్లాంట్ నుంచి బతికున్న బురద తెచ్చాడు. ఆలస్యమైతే అందులోని జీవులు గాలి లేక దారిలోనే చచ్చిపోతాయని డ్రైవర్‌ను చాయ్ కూడా తాగనివ్వలేదు. ఆ డ్రైవర్ ఏళ్ల తరబడి తిడుతూనే ఉన్నాడు. నిన్న అంత్యక్రియల్లో అందరికంటే ముందు వచ్చి నిలబడింది అతనే.

ఆ తర్వాత రోజూ నన్ను మైక్రోస్కోప్ ముందు కూర్చోబెట్టేవాడు. చాలా రోజులు ఏమీ కదల్లేదు.

ఒక పొద్దున సన్నటి కాడకు చిన్న గంట లాంటిది కనిపించింది. ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది.

అరిచాను. సైదులన్న ఒక కన్ను మూసి చూశాడు.

"పనికెక్కిండ్రు" అని చాయ్‌కి వెళ్లిపోయాడు.

ఆ బస్తా పోసింది నేనని సైదులన్న ఎవరికీ చెప్పలేదు. ఇవాళ నేనే చెప్తున్నాను.

పోయిన వారం, కొత్తగా మొదలైన ఇంకో ప్లాంట్‌కు మా బురదే ట్యాంకర్‌లో పంపించాడు. ఇవాళ పొద్దున అక్కడి ల్యాబ్ అమ్మాయి ఫోన్ చేసింది.

"అక్కా, సైదులన్న ఫోన్ ఎత్తుతలేడు. నువ్వే అన్నకు చెప్పు. మా ట్యాంకుల గూడ కదులుతున్నయి!"

జరిగింది ఆమెకు చెప్పాను. ఆమె చెప్పమన్నది ఇక్కడ చెప్తున్నాను.

అన్నా, అక్కడ కూడా బతికాయి.

ఇక ఫికర్ లేదు. నిమ్మళంగా పడుకో.