మగ్గం సద్దులో నిద్రపోయేవాడు

మా మరిది పోయాడని కబురు వచ్చినప్పుడు నేను కొళాయి దగ్గర బిందె పెట్టుకుని నీళ్ల కోసం నిలబడి ఉన్నాను. సోమందేపల్లె నుంచి ఎవరో ఫోను చేశారు. పెళ్లింట్లో స్పీకర్లు కట్టడానికి వెళ్లినవాడు టీ తాగి హైవే దాటుతుంటే లారీ కొట్టిందట. "డ్రైవరు హారను కొడతానే వచ్చినాడంటమ్మా. టీ అంగడికాడ అందరూ ఇన్న్యారు. ఈయప్ప ఒక్కడే తిరిగి సూడలేదు" అన్నాడు ఆ మనిషి. ఎందుకు చూడలేదో అతనికి తెలియదు. మా ఇంట్లో అందరికీ తెలుసు. బెంగళూరు క్లబ్బుల్లో ఏళ్ల తరబడి డీజేగా పనిచేసి, మా మరిది ఆ పనికే రెండు చెవులూ పోగొట్టుకున్నాడు.

మాది ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు. నేను కోడలిగా వచ్చేనాటికి అతను ఇంటర్ తప్పి, మగ్గం గుంతలో కాళ్లు పెట్టేది లేదని మొండికేసి కూర్చున్నాడు. మా మామకీ అతనికీ మాటల్లేవు. ఆ ఏడే బెంగళూరు వెళ్లి ఒక క్లబ్బులో గ్లాసులు కడిగే పనికి చేరాడు. గ్లాసుల నుంచి లైట్ల దగ్గరికి, లైట్ల నుంచి పాటలు వేసే బల్ల దగ్గరికి ఎలా చేరాడో ఎంత అడిగినా సరిగా చెప్పేవాడు కాదు. మా అత్త మాత్రం వీధిలో అందరికీ "బెంగళూరులో కంప్యూటరు పని" అని చెప్పుకునేది. "అబద్దం కాదులే వదినా, ఆడ కంప్యూటరు గూడా ఉండాది" అని అతను నవ్వేవాడు.

చిలమత్తూరు నుంచి ఒక సంబంధం వచ్చింది. అమ్మాయి తండ్రి ఏం పని అని అడిగితే, మా అత్త నోరు తెరిచేలోపే ఇతను "రేత్రిపూట క్లబ్బులో పాటలేస్తా మామా, జనం ఎగురుతారు" అని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. వాళ్లు కాఫీ కూడా పూర్తిగా తాగలేదు. "నీ పాటకు పెండ్లికూతురే పారిపోయె కదప్పా" అని నేను ఏడిపిస్తే, "పెండ్లికూతురు యాడ పారిపోయింది వదినా? పారిపోయింది వాళ్ల నాయన" అన్నాడు. ఆ తర్వాత ఇంకో సంబంధం రాలేదు. అతనూ అడగలేదు.

సోమవారం క్లబ్బుకు సెలవు. పొద్దున్నే రైలు దిగి ఇంటికొచ్చి, ఇంత సద్దన్నం తిని, చాప చంకన పెట్టుకుని నేరుగా మగ్గం గదిలోకి వెళ్లేవాడు. లోపల మంచం ఉంది, ఫ్యాను ఉంది. అవేవీ వద్దు. మా మామ నేస్తుంటే మగ్గం పక్కన బండల మీద చాప పరుచుకుని ఆ దడదడలో పడి నిద్రపోయేవాడు. ఎవరైనా సద్దు లేని చోట పడుకుంటారు కదా అని అడిగితే, "సద్దు లేకుంటే చెవుల్లో కీచురాయి కూస్తాది వదినా. మగ్గం కొడతా ఉంటే దాని నోరు మూతపడతాది" అన్నాడు. నేను వేళాకోళం అనుకున్నాను. అది రోగమని మాకెవరికీ తెలియలేదు.

మగ్గం ఆగిందంటే మాత్రం టక్కున కళ్లు తెరిచేవాడు. "ఏం నాయనా, ఆపితివి?" అనేవాడు. మా మామకు అదే కావాలి. కొడుకును పేరు పెట్టి పిలవడానికి ఆయనకు పౌరుషం అడ్డం. అన్నం వేళకు నా వైపు ఒక చూపు చూసి, ఉడికిందని నేను తలూపగానే మగ్గం ఆపేవాడు. కొడుకు లేచేవాడు. ఇద్దరూ ఒకే వరుసలో కూర్చుని రాగిముద్ద తినేవాళ్లు. తండ్రీకొడుకుల మధ్య ఏళ్ల తరబడి నడిచిన సంభాషణ దాదాపు అంతే.

ఒకసారి చీరలు ఇవ్వడానికి బెంగళూరు వెళ్లినప్పుడు మామనూ, మా ఆయననూ, నన్నూ మధ్యాహ్నం పూట క్లబ్బుకు తీసుకెళ్లాడు. కుర్చీలు బల్లల మీద బోర్లించి ఉన్నాయి. ఒకామె నేల తుడుస్తోంది. మరిది ఒక చెవికే హెడ్‌ఫోను తగిలించుకుని, ఒక పాట నడుస్తుండగానే దాని కిందనుంచి ఇంకో పాట తెచ్చాడు. ఏది ఎక్కడ ఆగిందో, ఏది ఎక్కడ మొదలైందో నాకు తెలియనే లేదు. "నువ్వు పాత పడుగు అయిపోక ముందే కొత్త పడుగు పోగులు అతుకుతావు గదా నాయనా, నాదీ అదే పని. అతుకు కనపడకూడదు" అన్నాడు. మామ చాలాసేపు ఆ బల్ల వైపే చూసి, "ఇంత సద్దులో నీ మాట నీకు ఇనపడతాదేరా?" అని అడిగాడు. "ఈడ నా మాట ఎవురికి కావాల నాయనా" అని నవ్వాడు. తిరుగు ప్రయాణంలో రైలు ధర్మవరం దగ్గరపడుతుండగా మామ, "అతుకు బాగా ఏస్తాడు" అన్నాడు.

పని గురించి మరిది నాకు చెప్పినవాటిలో ఒకటి మరిచిపోలేను. "జనం ముకాలు సూడకూడదు వదినా, కాళ్లు సూడాల. నచ్చకున్నా ముకం నవ్వుతాది. కాళ్లకు అబద్దం రాదు." పెళ్లిళ్లకు తీసుకెళ్లినా ఒక మూల కూర్చుని అందరి కాళ్లూ చూస్తుండేవాడు. చెప్పులు పోయాయా అని చుట్టాలు అడిగేవాళ్లు.

సన్నటి సద్దులు ముందు పోయాయి. గజ్జెల మోత, పిచ్చుకల అరుపు, ఫోను గంట. పాటలో కూడా అవే వినిపించక, అతను వాటిని పెంచుతూ పోయాడు. తనకు చక్కగా వినిపించేదాకా పెంచితే మిగతావాళ్లకు చెవులు కోసినట్టుండేదట. పాట బాగా కలుస్తోందని అతను అనుకుంటున్నాడు, జనం చెవులు మూసుకుని బయటికి పోతున్నారు. ఆ మాట అతనికి చెప్పేవాళ్లు లేకపోయారు. కాళ్లు వెళ్లిపోవడం చూసి, తనే బల్ల దిగి వచ్చేశాడు. మరుసటి వారానికల్లా అక్కడ ఇంకొకరు ఉన్నారు. నేను వెంటబెట్టుకుని వెళ్తే, అనంతపురంలో డాక్టరు పరీక్ష చేసి, "నరం సచ్చిపోయిందప్పా, మల్లా రాదు" అని కాగితం మీద కూడా రాసిచ్చాడు. బస్సులో ఆ కాగితాన్ని మడిచి, విప్పి, మళ్లీ మడిచి, చివరికి నా చేతిలో పెట్టాడు.

ఊళ్లో ఊరేగింపులకు ట్రాక్టరు మీద స్పీకరు డబ్బాలు కట్టి వాయించే పిల్లలతో కలిశాడు. వాళ్లకు అతుకులతో పని లేదు, గుండె అదిరితే చాలు. చెప్పులు విడిచి డబ్బాల పక్కన వట్టి కాళ్లతో నిలబడేవాడు. పాట అరికాళ్లలోంచి ఎక్కుతుందనేవాడు. ఒకసారి ఎండలో కాలిన తారు మీద అలా నిలబడి, బొబ్బలెక్కిన కాళ్లతో ఇంటికొస్తే నేను వెన్న రాస్తూ తిట్టాను. తిట్టు వినిపించదు కదా, నా ముఖం చూసి నవ్వాడు. ఇక తిట్టడం కూడా చేతకాలేదు నాకు.

నిద్ర మాత్రం మగ్గం పక్కనే. చప్పుడు వినపడకపోయినా, దెబ్బ దెబ్బకూ బండ అదురుతుంది కదా, దాని మీద అరచెయ్యి ఆనించి పడుకునేవాడు. చాప రోజురోజుకీ గుంతకు దగ్గరగా జరిగింది. చెవుల్లో కీచురాయి మాత్రం పోలేదట. లోకంలో సద్దులన్నీ పోయి అదొక్కటే మిగలడం ఏం న్యాయమో నాకు తెలియదు. మా మామ మోకాళ్లు పట్టేసినా లేచేవాడు కాదు. "వాడు ఇప్పుడే కన్ను మూసినాడు, ఉండమ్మా" అనేవాడు. మగ్గం ఆగితే మునుపటిలాగే లేచి కూర్చునేవాడు మరిది.

శవాన్ని తెచ్చిన రోజు ట్రాక్టరు పిల్లలు వచ్చి, అన్నకు ఒక పాట వేస్తామని అడిగారు. మామ చెయ్యి అడ్డం ఊపాడు. "ఇనేటోడు లేడు, ఎవురికేస్తారప్పా" అన్నాడు. అతని పాటకు ఎగిరిన వేల కాళ్లలో ఒక్క జత కూడా ఆ రోజు మా గడప దగ్గరికి రాలేదు. వాళ్లకు అతని పేరు కూడా తెలిసుండదు. కాలం గడిస్తే తగ్గుతుందని చుట్టాలు చెప్పిపోతున్నారు. నాకైతే తగ్గే దారేదీ కనిపించడం లేదు.

కర్మ అయిపోయిన మరునాడే మామ మగ్గం ఎక్కాడు. చాప అక్కడే పరిచి ఉంది, తీసి చుట్టిపెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. పొద్దుటినుంచీ ఆపకుండా నేశాడు. అన్నం వేళకు మగ్గం గది గుమ్మంలోంచి నా వైపు చూశాడు. ఉడికిందని అలవాటుగా తలూపాను. మగ్గం ఆగింది. కంచం పట్టుకుని లోపలికి వెళ్తే, ఆయన గుంతలో అలాగే కూర్చుని చాప వైపు చూస్తున్నాడు.

"రా మామా, ముద్ద సల్లారిపోతాది" అన్నాను.

"ఉండమ్మా" అన్నాడు. "ఇప్పుడే గదా ఆపింది."