కింద చక్రం, పైన నేను

మూడు నెలలుగా అడుగుతున్నాను, ఒక్కరూ పలకడం లేదు. మా బడిలో కలిసి చదువుకున్నవాళ్లం ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నాం. అందులో ఎవరో పాత సైన్సు ఎగ్జిబిషన్ ఫొటో ఒకటి పెట్టి, కింద "మనవాడి నీళ్ల యంత్రం, ఫస్టు ప్రైజు" అని రాశారు. ఫొటోలో సైకిల్ చక్రం పక్కన మా ఇంటి ఓనరు గారి అబ్బాయి ఒక్కడే నవ్వుతూ నిలబడి ఉన్నాడు. "ఆ యంత్రం చేసింది ఇద్దరం, రెండోవాణ్ని నేను" అని అప్పటికప్పుడే రాశాను. అందరూ చదివినట్టు ఫోను చూపిస్తోంది. వాడూ చదివాడు. ఎవరి పుట్టినరోజు వచ్చినా తప్పకుండా కేకు బొమ్మ పెట్టే మనిషి, నాకు మాత్రం ఒక్క అక్షరం రాయలేదు. ఆ రోజుల్లో హెడ్మాస్టరు గారికి ఇదే విషయం మీద మూడు అర్జీలు పెట్టుకున్నాను. వాటికీ ఇదే గతి పట్టింది.

అప్పుడు మేం అమీర్‌పేటలో, ఇప్పుడు మెట్రో స్తంభాలున్న రోడ్డుకి రెండు సందులు లోపల, ఒక మేడ మీద పోర్షనులో అద్దెకుండేవాళ్లం. నాన్న ఉద్యోగం కోసం గుడివాడ వైపు నుంచి వచ్చిన వాళ్లం. కింద ఓనరు గారి కుటుంబం. వాళ్లు తాతల నాటి నుంచి అక్కడివాళ్లే. నల్లా రోజు విడిచి రోజు తెల్లవారుజామున వచ్చేది. ముందు ఓనరు గారి హౌజు, అదే నేలలో కట్టిన నీళ్ల తొట్టి, నిండాలి, ఆ తరవాతే మేడ మీదివాళ్లు బిందె పెట్టాలి. అది ఎవరూ రాయని చట్టం. హౌజు నిండేసరికి నల్లా ధార జడపాయంత అయ్యేది. ఆ సన్నటి ధార కింద బిందె పెట్టి, నిండేదాకా నిలబడి, నడుంనొప్పితో అమ్మ ఒక్కో మెట్టూ ఎక్కేది. సగం మెట్ల మీద బిందె దించి, గోడకి ఆనుకుని, నన్ను చూసి నవ్వేది. ఆ నవ్వు నాకు నచ్చేది కాదు.

తొమ్మిదో తరగతిలో సరళ యంత్రాల పాఠం అయ్యాక సైన్సు సారు, కనీసం మూడు సరళ యంత్రాలు కలిపి ఒక సంయుక్త యంత్రం చేసుకురమ్మన్నారు. మిగతా పిల్లలు దారపు రీళ్లూ అట్టముక్కలూ వెతుక్కుంటుంటే, వాడు మాత్రం "మీ అమ్మకు నీళ్లెక్కియ్యాలెరా, గదే చేద్దాం" అన్నాడు. ఆలోచన వాడిదే, నేనెప్పుడూ కాదనలేదు. పంజాగుట్టలో సైకిళ్లు బాగుచేసే ఆయన్ని బతిమాలి వంకరపోయిన చక్రం ఒకటి తెచ్చాం. కింద కూర్చుని చక్రం తిప్పితే దాని ఇరుసుకి తాడు చుట్టుకునేది. ఆ తాడు మేడ పిట్టగోడ మీది గిలక లోంచి దిగి బకెట్టుని పైకి లాగేది. దాన్ని అమ్మ గిలక అనేది, కింద వాడి నాయనమ్మ గిరక అనేది, కప్పీ అనకపోతే సారు మార్కులు తీసేసేవారు. పైకొచ్చిన బకెట్టుని అమ్మ వంగి ఎత్తక్కర్లేకుండా, వెదురుకర్రతో ఒక మీట పెట్టాను. కర్ర చివర నొక్కితే బకెట్టు దానంతటదే డ్రమ్ములోకి ఒరిగిపోయేది. ఆ మీట నాది. పూర్తిగా నాది.

మొదటిసారి తిప్పినప్పుడు బకెట్టు ఊగి, గోడకి కొట్టుకుని, కింద పళ్లు తోముకుంటున్న నాయనమ్మ నెత్తిన బోర్లపడింది. "గిది మిషనా, నాకు తానం పోసుడా? జర సూస్కోని తిప్పుర్రి!" అని ఆవిడ అరిస్తే, వాడు చక్రం వదలకుండానే "ఫికర్ చెయ్యకే నాయనమ్మా, ఎల్లుండి సబ్బు సుత పంపుతం" అన్నాడు. అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి పోయింది. వారం తిరిగేసరికి బకెట్టు ఊగడం మానింది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. నల్లా రాగానే వాడు తొలి బకెట్టు మాకే కట్టేవాడు. "హౌజు నిండలేదుర!" అని నాయనమ్మ లోపల్నుంచి కేకేస్తే, "నిండుతది తియ్యే" అనేవాడు. అంత పొద్దున్నే, చన్నీళ్లలో తడిసి, పైనుంచి నేనూ కిందనుంచి వాడూ ఊరికే నవ్వుకున్నంత హాయిగా ఆ తరవాత నేను ఎవరితోనూ నవ్వుకోలేదు.

ఎగ్జిబిషన్ రోజు యంత్రాన్ని బడి మెట్ల దగ్గర బిగించాం. పైన నేనే ఉంటానని పట్టుబట్టాను, మీట నాది కనుక. న్యాయనిర్ణేతలు కింద నిలబడతారని ఇద్దరికీ తోచలేదు. బకెట్టు వచ్చింది, ఒంపాను, కింద చప్పట్లు వినిపించాయి. తడిచొక్కాతో పరుగెత్తుకుంటూ దిగేసరికి వాడి జేబుకి రిబ్బను గుచ్చేశారు. యంత్రానికి కట్టిన అట్ట మీద వాడి చేతిరాతతో ఒక్కటే పేరుంది. "నా పేరేదిరా?" అన్నాను. వాడు ఏదో చెప్పబోయాడు. ఈలోగా ఫొటో ఆయన పిలిచాడు. "ఆగురా, చెప్త" అని అటు తిరిగాడు. నేను ఆగలేదు.

ఆ తరవాత నల్లా వచ్చిన ప్రతి తెల్లవారుజామునా వాడు కింద చక్రం దగ్గర నిలబడి, "అరేయ్, తాడు ఇడువురా!" అని పిలిచేవాడు. నేను దుప్పటి ముసుగు తీసేవాణ్ని కాదు. ఒక్కడితో నడిచే యంత్రం కాదది. అమ్మ మళ్లీ బిందె ఎత్తుకుంది. "వాడు కింద నిలబడ్డాడురా, పలకవేంటి?" అని ఒక్కసారే అడిగింది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. నా తప్పు ఏదైనా ఉంటే అది మా అమ్మ నడుముకి చేసింది, వాడికి కాదు. నెల గడవకముందే యూసుఫ్‌గూడలో చవగ్గా ఇల్లు దొరికిందని మారిపోయాం, నా బడీ మారింది. సామాను ఆటోలో ఎక్కిస్తున్నప్పుడు వాడు గేటు పట్టుకుని నిలబడ్డాడు. నేను ఆటోలో రెండోవైపు తిరిగి కూర్చున్నాను.

మొన్న ఆ సందుకి వెళ్లాను. ఇల్లు లేదు. కంప్యూటరు కోర్సుల బోర్డుల వెనక హాస్టలు కట్టారు. వాడు ఇప్పుడు ఎక్కడుంటున్నాడో అడిగితే అక్కడ చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

ఒరేయ్, ఇది చదువుతావని నాకు తెలుసు, అన్నీ చదువుతావు కదా. ఆ అట్ట మీద నా పేరు ఎందుకు రాయలేదు? మరిచిపోయానను, ఒప్పుకుంటాను. చోటు చాలలేదను, అదీ ఒప్పుకుంటాను. కావాలనే రాయలేదను, ఎదురుగా కూర్చోబెట్టుకుని, టీ తాగిస్తూ, కడుపారా తిడతాను. ఏమీ అనకపోతే మాత్రం ఒప్పుకోను. చిన్నప్పుడు పోట్లాడుకుంటే కలుసుకోవడానికి ముందు బోలెడంత కాలం ఉండేది. ఇప్పుడు పోట్లాటకి కూడా పొద్దు చాలేలా లేదు. జవాబు చెప్పరా.