ఖాళీ గడిలో తాగుడు

మా టేకులపల్లి చర్చిలో ఒక పద్ధతి ఉంది. బయటికి చెప్పుకోలేని అక్కర ఉన్నవాళ్లు చీటీ మీద పేరు మాత్రం రాసి ఇస్తారు. పాస్టర్ గారు "దేవునికి తెలుసు" అని ఆ పేరు చదివి ప్రార్థన చేస్తారు. నేను ఇంట్లో కూర్చుని హైదరాబాద్ కంపెనీకి వెబ్ సర్వీసులు రాస్తాను కాబట్టి, చీటీల బదులు ఫోన్లో పంపేలా ఏదైనా చేసి పెట్టమన్నారు.

పేరుకో గడి, అక్కరకో గడి. పంపినవాటిని సర్వర్‌లో ఆబ్జెక్టు అనే ఒక డబ్బాలాంటిది పట్టుకుని పాస్టర్ గారి ఫోన్‌కు చేరుస్తుంది. అది పంపిన ప్రతిసారీ కొత్తగా పుట్టి, పని కాగానే పోవాలి. నేను ఒక్కదాన్నే పుట్టించి, సర్వర్ ఉన్నంతకాలం బతకమని వదిలేశాను. పైగా గడి ఖాళీగా వస్తే పాతదాన్ని మార్చొద్దని రాశాను. అంటే ముందు మనిషి అక్కర వెనక మనిషికి అంటుకుంటుంది. ఇంట్లో పరీక్షించినప్పుడు అన్ని గడులూ నింపే చూశాను. పుట్టిన్నాటి నుంచి ఆ చర్చిలోనే కూర్చుంటున్నా, ఖాళీగా పంపేవాళ్లుంటారని నా బుర్రకు తట్టలేదు.

మొదటి ఆదివారమే ఒక ఆటో అన్న ధైర్యంగా "నా తాగుడు మానాలి" అని పంపాడు. ఆ వెనక పంపినవాళ్లంతా గడి ఖాళీగా వదిలిన ఆడవాళ్లు. పాస్టర్ గారు ఆటో అన్న కోసం గట్టిగా ప్రార్థించారు. తర్వాత సండేస్కూల్ టీచరమ్మ తాగుడు మానాలని చదివారు. ఆ తర్వాత సంఘ పెద్ద గారి భార్యది. ఆయన గొంతు తగ్గుతూ వచ్చింది గానీ చదవడం ఆపలేదు. కళ్లు మూసుకోవాల్సిన జనం ఒక్కో కన్ను తెరిచి చూస్తున్నారు. నేను నవ్వాపుకోలేక చున్నీ నోట్లో కుక్కుకున్నాను. చివరికి మా అమ్మ పేరు వచ్చింది.

నా నవ్వు ఆగిపోయింది. అమ్మ కూడా ఖాళీగా పంపిందా? నాకు కూడా చెప్పని అక్కర ఏముంది?

చాయ్ తప్ప ఏదీ ఎరగని మా అమ్మ, ముక్కుపుటాలు అదురుతుంటే లేచి నిలబడింది.

"నాకు తాగుడు లేదు అయ్యగారూ. రొమ్ముల గడ్డ ఉన్నది. గురువారం ఖమ్మం దవాఖానాకు రమ్మన్నరు, కోస్తరట. ఎవ్వరికి చెప్పలే. భయమైతుంది."

తాగుబోతులుగా పేరు పడ్డ ఆడవాళ్లంతా వచ్చి అమ్మ తల మీద చేతులు పెట్టారు. గురువారం బస్టాండుకు తనే దింపుతానని, ఆ రోజు చుక్క కూడా ముట్టనని ఆటో అన్న అందరి ముందూ చెప్పాడు. నేను కూర్చున్న చోటే ఏడ్చాను. ఏడుపుతో పాటు నా మీద నాకు ఒళ్లు మండింది. పక్క మంచం మీద పడుకునే మనిషి సంగతి నాకు చర్చిలో అందరితో పాటు తెలియాలా?

సాయంత్రం కోడ్ మారుస్తుంటే అమ్మ వచ్చి ఏం చేస్తున్నానని అడిగింది. ఇకనుంచి ఒక్కొక్కరికి ఒక్కో ఆబ్జెక్టు పుట్టి పోతుందని, ఒకరిది ఇంకొకరికి అంటదని చెప్పాను.

"అయితే గిప్పుడు మన సంగతి మరిచిపోతదా?"

"అవ్ అమ్మా. పని కాంగనే మరిచిపోతది."

"అది మరిచిపోతే పోనీ," అంది అమ్మ. "నువ్వు మాత్రం గురువారం యాద్ పెట్టుకో బిడ్డా."